తప్పిన దినములు



జనవరి మొదటి తేదీన మనము బైబిలు పఠన పట్టికను గోడకు అంటించుకొందుము. బైబిలులో 1,189 అధ్యాయములు గలవు. దినమునకు మూడు, ఆదివారమున ఐదు చొప్పున చదివినయెడల సంవత్సరములో ముగియును. నెలాఖరున లేవీయకాండము వచ్చుసరికి షిఫ్టు మారును, ఊరినుండి చుట్టములు వత్తురు, నాలుగు దినములు తప్పును. ముందు ఆ బాకీ తీర్చి, పిమ్మట నేటి భాగము చదువుదమనుకొందుము. బాకీ పెరుగును, పట్టిక మిగులును, పఠనము ఆగును. కుటుంబ ప్రార్థనయు ఇట్లే. ఇల్లు సర్దుకొని, అందరము కూడినప్పుడే చేయుదమని వారములు గడుపుదుము.

సంఖ్యాకాండము 9వ అధ్యాయము చూడుడి. శవమును ముట్టినందున కొందరు మొదటి నెల 14వ దినమున పస్కాను ఆచరింపలేక మోషే యొద్దకు వచ్చిరి. దేవుడు వారిని త్రోసివేయలేదు. మరుసటి సంవత్సరమువరకు ఆగుడనలేదు. అట్టివారికిని, దూరప్రయాణములో నున్నవారికిని రెండవ నెల 14వ దినమును నియమించెను. అయితే వీలుండియు మానినవానిని ఆయన ఉపేక్షింపలేదు. కాబట్టి ఇది సోమరితనమునకు సెలవు కాదు. తిరిగి మొదలుపెట్టుటకు పిలుపు.

ప్రియులారా, మన రక్షణ పట్టికలోని టిక్కులవలన కలుగలేదు. క్రీస్తు సిలువపై దానిని సంపూర్ణము చేసెను. తప్పిన అధ్యాయములను విడిచి, ఈ రాత్రి నేటి అధ్యాయమునే తెరువుదము. తెలుగు చదువరాని మన పిల్లలకు మనమే బిగ్గరగా చదివి వినిపింతము. ఇంట ఇద్దరమే యున్నను, గిన్నెలు కడుగక మిగిలియున్నను, మోకరింతము.

ప్రభువు కృప మనకు తోడైయుండును గాక. ఆమేన్.