మిగిలిన వరద డబ్బు ఎవరిది?



2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, విజయవాడ సింగ్‌నగర్ వైపు వేల ఇళ్లు నీట మునిగిన సంగతి మనం మరచిపోలేదు. మేడల మీద చిక్కుకున్నవారికి అన్నం పొట్లాలు, మంచినీళ్లు అందించడానికి ఎవరి శక్తి కొద్దీ వారు కదిలారు. నేను ఖుత్బా ఇచ్చే ఊళ్లో కూడా (ఊరి పేరు ఇక్కడ అనవసరం) జుమా తర్వాత రుమాలు పరిచి చందా పోగుచేశాము.

నీరు తీసేసరికి ఆ సొమ్ములో కొంత మిగిలింది. కమిటీ పెద్దలు నన్ను పిలిచి, "మౌలానా, వుజూఖానా కుళాయిలు పాడైపోయాయి. ఈ డబ్బుతో బాగుచేయిద్దాం. ఎలాగూ అల్లాహ్ ఇంటికే కదా!" అన్నారు. వాళ్లు దొంగలు కారు. ఒక్క పైసా ఇంటికి పట్టుకుపోయే మనుషులు కారు. పైగా నాకు జీతమిచ్చేది వాళ్లే. నేను "చూద్దాం" అని లేచి వచ్చేశాను.

ఆ "చూద్దాం" నన్ను రెండు జుమాల పాటు నిద్రపోనివ్వలేదు. జవాబు నాకు తెలుసు. మదర్సాలో చదువుకున్న ఏ విద్యార్థికైనా తెలుసు. చందా ఇచ్చినవాడు కమిటీని తన తరఫున ఖర్చు పెట్టే వకీలుగా నియమించుకున్నాడు. అతను ఏ పని కోసం ఇచ్చాడో ఆ పనికే అది చెల్లాలి. అందులో ఎవరైనా జకాత్ పైకం వేసి ఉంటే విషయం మరింత కఠినం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను పేదవాని చేతికిచ్చి అతన్ని యజమానిని చేయాలి. మస్జిద్ కుళాయికి అది చెల్లదు.

కమిటీ పదవికి మంచితనం ఒక్కటే చాలదు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు ఖజానా బాధ్యత అడిగినప్పుడు తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని రెండూ చెప్పారు. హజ్రత్ అబూ జర్ గిఫ్ఫారీ (రజి) గారి నిజాయితీని శంకించేవాడెవడు? అయినా ఆయన పదవి అడిగితే దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నీవు బలహీనుడవు, ఇది అమానతు, దాని హక్కు నెరవేర్చనివారికి ప్రళయదినాన అవమానమవుతుందని హెచ్చరించారు. మన దగ్గరేమో ఎక్కువ చందా ఇచ్చినవారే అధ్యక్షులు!

తప్పును ఎత్తి చూపడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి బనూ సులైమ్ తెగ నుండి జకాత్ వసూలు చేసి తెచ్చి, ఇది మీది, ఇది నాకొచ్చిన కానుక అని వేరు చేశాడు. అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీశారు. తర్వాత మింబర్ ఎక్కి అందరి ముందూ విషయం చెప్పారు. మేము పంపినవాడు ఇలా అంటున్నాడేమిటి అన్నారే తప్ప, అక్కడ అతని పేరెత్తలేదు. తప్పు బయటపడింది, మనిషి పరువు మిగిలింది.

మూడో జుమా నాడు నేను ఈ వృత్తాంతమే చెప్పాను. నమాజు అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మౌలానా, మా గురించేనా?" అని అడిగారు. "నా గురించి కూడా, చాచా. ఆ రోజే చెప్పవలసింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్కల పుస్తకం తెప్పించారు. వరద చందా, జకాత్, మస్జిద్ ఖర్చు మూడూ ఒకే పేజీలో కలిసి ఉన్నాయి. ఇషా తర్వాత కూర్చుని, రసీదులు చూస్తూ, ఇద్దరు కుర్రాళ్ల చేత మూడు పుస్తకాలుగా విడదీయించాము. ఆ కుర్రాళ్లే ఇప్పుడు ప్రతి జుమా చందా కలిసి లెక్కపెట్టి, మొత్తం బోర్డు మీద రాస్తున్నారు.

మిగిలిన సొమ్ము సింగ్‌నగర్‌లో కుట్టుమిషను నీళ్లపాలైన ఒక వితంతువుకు చేరింది. కుళాయిల కోసం మరుసటి వారం వేరే రుమాలు పరిచారు.