ప్రోషితభర్తృక

భరతుని నాట్యశాస్త్రం పేర్కొన్న ఎనిమిది విధాల నాయికలలో ప్రోషితభర్తృక ఒకతె. భర్త దేశాంతరం వెళ్లిన స్త్రీ. ఆలంకారికులు ఆమెకు విరహాన్ని ఇచ్చారు, అప్పును ఇవ్వలేదు. 1970ల నాటి చమురు సంపద తరువాత గల్ఫ్ దేశాలకు వలసలు సాగిన కరీంనగర్, నిజామాబాదు పల్లెలలో ఆమెకు రెండూ ఉన్నాయి. వీసా కోసం తెచ్చిన బాకీకి వడ్డీ కట్టేది, పొలానికి నీరు పెట్టించేది, పిల్లలను బడికి పంపేది ఆమె. పొలం అమ్మకాన్ని, బిడ్డ పెళ్లిని నిశ్చయించేది మాత్రం దుబాయి నుంచి వచ్చే ఫోను, లేదా అత్తవారింటి అరుగు. అధికారం లేని బాధ్యత ఎంత దుర్భరమో ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆమె నవ్వినా ఊరికి ఒక మాట, బజారుకు వెళ్లినా ఒక మాట.

ఈ భారం నిద్రలేమిగా, తలనొప్పిగా, ఒళ్లు నొప్పులుగా వైద్యుని ముందుకు వస్తుంది. మందుచీటీలో వలస ప్రసక్తి ఉండదు.

మనం దీనిని త్యాగమని మెచ్చుకుంటాం. కాని త్యాగానికి చేసేవారి సమ్మతి కావాలి కదా! 1983 నాటి వలస చట్టం వెళ్లే శ్రామికుని రక్షణను ఉద్దేశించినది. ఉండిపోయే మనిషిని ప్రయాణానికి ముందు ఎవరూ అడగరు. ఒప్పందం ముగిసి అతడు సెలవుపై వచ్చిననాడు, ఆమె రెండేళ్లు వ్రాసిన లెక్కల పుస్తకం కూడా అతని చేతికే పోతుంది.