క్రొత్త ఊరిలో ఎవరి బల్లయొద్ద?

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:1–9, గలతీయులకు 2:11–14



నాకు రెడ్డిగూడెమునకు బదిలీయై, నేనును నా భార్యయు సామానుతో ఇచ్చట దిగిన మొదటి నెలలో మా యింట పొయ్యి సరిగా వెలుగలేదు. గ్యాసు కనెక్షను మారుటకు ఆలస్యమాయెను. వంటపాత్రలు సగము మూటలలోనే యుండెను. పిల్లలిద్దరు హాస్టలులో చదువుకొనుచున్నారు. కాబట్టి మేమిద్దరమే ఉదయము సెంటరులో ఇడ్డెనలు తినుచు, సాయంకాలము మోటారుసైకిలుమీద ఒకనాడు మైలవరము, ఒకనాడు విస్సన్నపేట, ఇంకొకనాడు నూజివీడు పోయి, అచ్చటి హోటళ్లలో భోజనము చేయుచు వచ్చితిమి. ఎచ్చట పెసరట్టు బాగుండును, ఎచ్చట మామిడికాయ పప్పు బాగుండును అని మాట్లాడుకొనుచు తిరుగుట మాకు సంతోషముగానే యుండెను.

ఈ సంగతి విని సంఘపెద్దలలో ఒకరు, "అయ్యగారూ, దేవుని పనివారు హోటళ్ల వెంట తిరగవచ్చునా?" అని అడిగిరి. అప్పుడు నాకు కోపము వచ్చెను. తరువాత ఆలోచింపగా ఆ ప్రశ్న మంచిదేగాని, నన్ను అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదని తోచెను. అది ఏదో మీతో చెప్పుకొందును.

మొదటి సంగతి. హోటలులో కూర్చుండి తినుట పాపము కాదు. మావంటివారికి అది చిన్న సంగతియు కాదు. మా నాయన పడుచువాడుగా నున్న దినములలో మా స్వగ్రామపు టీ కొట్టులోనికి ఆయనను రానిచ్చెడివారు కారు. వెలుపల చూరులో చెక్కియుంచిన గ్లాసును తానే తీసి, కడిగి, పట్టుకొని నిలువవలెను. పైనుండి టీ పోసెడివారు. త్రాగి, మరల కడిగి, చూరులోనే పెట్టవలెను. డబ్బులు మాత్రము అందరితో సమానముగానే ఇచ్చెడివాడు.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగములో 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసెను. కులమునుబట్టిగాని మతమునుబట్టిగాని ఏ పౌరునినైనను దుకాణములలోనికి, హోటళ్లలోనికి రాకుండ ఆపగూడదని 15వ అధికరణము చెప్పుచున్నది. 1955లో అంటరానితనమును శిక్షించుటకు పార్లమెంటు చట్టము చేసెను. 1976లో దానిని మరింత కఠినపరచి, పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. ఇంత పెద్ద దేశమునకు రాజ్యాంగము వ్రాయువారు హోటలు అను మాటను అందులో వ్రాయవలసి వచ్చెనంటే, మనుష్యుడు ఎవరి ప్రక్కన కూర్చుండి తినుచున్నాడనునది ఎంత పెద్ద సంగతియో చూడుడి. చట్టము వచ్చిన చాలకాలమునకు గాని మా ఊరి చూరులోని గ్లాసు క్రిందికి దిగలేదు. కావున నేను హోటలులో కుర్చీ లాగుకొని కూర్చుండునప్పుడెల్ల మా నాయనను జ్ఞాపకము చేసికొని, దేవునికి స్తోత్రము చెప్పుదును.

రెండవ సంగతి. నా భార్య మా పెండ్లినాటినుండి ఇంటికి వచ్చినవారికందరికి వండి వడ్డించి, తాను కడపట తినుచున్నది. అట్టి ఆమె యెదుట ఎవరో అరటియాకు వేసి, "ఇంకేం కావాలమ్మా?" అని అడిగినప్పుడు ఆమె ముఖమును నేను చూచితిని. మీటింగులు, తగవులు, చందాలు మరచి అరగంటసేపు మేమిద్దరము మాట్లాడుకొంటిమి. సంతోషముతో అన్నము తినుమనియు, ప్రేమించిన భార్యతో సుఖముగా బ్రదుకుమనియు ప్రసంగి 9వ అధ్యాయము చెప్పుచున్నది గదా. భార్యాభర్తలు కలిసి ఒక పూట బయట తినుట ప్రభువునకు అయిష్టమని నేను తలంచను.

మరి తప్పు ఎచ్చట నున్నది?

మా సంఘములో ఒక విధవరాలు కలదు. మామిడి తోటలలో కూలిపని చేసికొని బ్రదుకుచున్నది. మేము వచ్చిన మొదటి ఆదివారము ఆమె, "అయ్యగారూ, అమ్మగారూ, ఒక్కపూట మా యింట్లో అన్నం తినండి" అని పిలిచెను. "నీకెందుకమ్మా శ్రమ, తరువాత చూద్దాములే" అంటిని. రెండవ ఆదివారము మరల పిలిచెను. మరల అదే మాట చెప్పితిని. మూడవ ఆదివారము ఆమె పిలువలేదు.

ఆ సాయంకాలము నూజివీడునుండి తిరిగి వచ్చుచుండగా నా భార్య, "ఆమెకు శ్రమ అన్నారు. మీకు నిజంగా అడ్డమైంది ఆమె శ్రమేనా?" అని అడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

నిజము చెప్పవలెనంటే, హోటలులో డబ్బు చెల్లించి లేచిపోవచ్చును. ఎవరికిని ఋణపడము. ఆమె యింట తింటే ఆమె అప్పులు, ఆమె కుమారుని త్రాగుడు, ఆమె కన్నీళ్లు వినవలెను. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి మరియొకటి కలదు. కలిగిన కుటుంబములవారు ఇంకను మమ్ములను పిలువలేదు. వారికంటె ముందు ఈమె యింట తింటే వారేమనుకొందురో అని నేను జంకితిని. చూరులో గ్లాసు పెట్టిన వాని కుమారుడనే నేను! అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము చేయుచుండి, కొందరు వచ్చినప్పుడు భయపడి వెనుకతీసెను. పౌలు అందరియెదుట అతని నిలదీసెను. నన్ను నిలదీసినది నా భార్య.

ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు, ఒకే యింట నిలిచి వారు పెట్టినది తినుడనియు, ఇల్లిల్లు మారవలదనియు ఆజ్ఞాపించెను. దీనిమీద నేను ఎన్నోసార్లు ప్రసంగించితిని. అయినను మేము హోటలు వెంట హోటలు మారుచు, పిలిచిన యింటిని దాటిపోవుచుంటిమి. ఏలీయాను దేవుడు సారెపతు విధవరాలియొద్దకు పంపినప్పుడు (1 రాజులు 17), అతడు ఆమెకు ధాన్యము మోసికొని పోలేదు. ఆమెకు మిగిలిన పిడికెడు పిండిలోనుండి రొట్టె అడిగెను. ఎప్పుడును పెట్టుచు ఎన్నడును పుచ్చుకొననివాడు పైమెట్టుమీదనే నిలిచియుండును. పేదవారి చేతి అన్నము తినువాడే వారితో సమానుడగును.

ఈ పాఠము మన తెలుగు సంఘ చరిత్రలోను కలదు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకొని పరిచర్య చేసిరి. ఆయన భార్య అన్బుగారును ఆ పనిలో పాలివారైరి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో అజరయ్యగారు లేచి, విదేశ మిషనరీలు భారతీయులకు ఎంతో ఇచ్చిరిగాని, తమ యింట సమానులుగా కూర్చుండబెట్టుకొనుటలేదని ధైర్యముగా చెప్పి, తమకు స్నేహితులు కావలెనని కోరిరి. 1912లో ఆయన దోర్నకల్లు బిషప్పు అయిరి. తెల్లవారికి ఆయన చెప్పిన మాట నేడు నల్లవారమైన మనకును చెల్లును.

మరుసటి దినమే మేము ఆమె యింటికి పోయి, "రేపు మీ యింట తింటాము" అని మేమే అడిగితిమి. గోంగూర, గుడ్డు కూర వండెను. ఆమె నిలువబడి వడ్డించుచుండగా నా భార్య చేయిపట్టి కూర్చుండబెట్టెను. ముగ్గురము ఒకే చాపమీద తింటిమి. భోజనమైన తరువాత ఆమె, "మా యింట తినరేమో అనుకున్నానయ్యా" అనెను. క్షమించుమని అడుగుట తప్ప నేను చేయగలిగినది లేకపోయెను.

హోటళ్లకు పోవుట మేము మానలేదు. అయితే ఇప్పుడు అప్పుడప్పుడు ఇంకొకరిని వెంట తీసికొనిపోవుచున్నాము. బల్ల తుడుచు పిల్లవాని పేరు అడుగుచున్నాము.

ఉద్యోగములకై విజయవాడకో హైదరాబాదుకో పోయి క్రొత్తగా కాపురము పెట్టుకొనుచున్న మన పిల్లలారా, మీరిద్దరు కలిసి మంచి హోటళ్లు చూడుడి, సంతోషముగా తినుడి. అయితే మొదటి నెల గడువకముందే ఒక పొరుగింట తినుడి, ఒక పొరుగువారికి పెట్టుడి. ఊరిలోనున్న పెద్దలారా, క్రొత్త కుటుంబము దిగినప్పుడు వారు ఎవరని విచారించుటకు ముందు వారిని భోజనమునకు పిలువుడి.

మనము "తరువాత చూద్దాములే" అని వాయిదావేసిన పిలుపు ఎవరిది? ఈ వారము వారి యింటికి పోవుదము. అందుకు ప్రభువు మనకు కృప దయచేయునుగాక. ఆమెన్.