ఏమీ జరగని రోజుల లెక్క

ఉమ్రా చేసి తిరిగొచ్చిన ఒక పెద్దాయన ఆ మధ్య మాతో ముచ్చటిస్తూ ఇలా అడిగారు: "మౌలానా! విమానం పరుగెత్తక ముందు కిటికీలోంచి చూశాను. రెక్క మీది పలకలు పైకీ కిందికీ ఆడాయి. పైలట్ చెక్ చేస్తున్నాడు చాచా అన్నాడు పక్కనున్న అబ్బాయి. రోజూ ఎగిరే విమానమే కదా, రోజూ ఎందుకీ పరీక్ష? తఖ్దీర్‌లో రాసి ఉన్నది ఆగుతుందా?"

ఆయన చూసింది నిజమే. బయలుదేరే ముందు పైలట్ తన చేతిలోని కంట్రోల్‌ను ముందుకు, వెనక్కు, కుడికి, ఎడమకు చివరిదాకా తిప్పుతాడు. పెడళ్ళు తొక్కుతాడు. తోక మీద, రెక్కల మీద ఉన్న పలకలు అడ్డు లేకుండా కదులుతున్నాయా, కదలవలసిన దిక్కుకే కదులుతున్నాయా అన్నది చూడాలి. ఎయిర్‌బస్ విమానాల్లో ఒకరు కదిలిస్తుంటే రెండోవారు ఎదుటి తెరపై చూసి చెబుతారు. దీనికి పట్టే సమయం చాలా స్వల్పం.

ఇక తఖ్దీర్ మాట. పడుకోబోయే ముందు దీపాలు ఆర్పమని, తలుపులు మూయమని, పాత్రలపై మూత పెట్టమని దైవప్రవక్త (స) తమ అనుచరులకు నేర్పారు. ఎలుక వత్తిని లాక్కుపోయి ఇంటిని తగలబెట్టవచ్చునని కారణం కూడా వివరించారు. తఖ్దీర్‌ను ఆయన కన్నా ఎక్కువగా ఎరిగినవారెవరు? అయినా ఎలుకను కూడా లెక్కలోకి తీసుకున్నారు. జాగ్రత్త పడటం తఖ్దీర్‌కు వ్యతిరేకం కాదు, అది కూడా తఖ్దీర్‌లోని భాగమే. పెద్దాయన ఈ సమాధానంతో తృప్తిపడ్డారు. కానీ ఆయన ప్రశ్నలోని మొదటి సగం, "రోజూ ఎందుకు?" అన్నది, మమ్మల్ని వదల్లేదు.

2014 మే 31 రాత్రి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బెడ్‌ఫోర్డ్‌లో ఒక చిన్న ప్రైవేటు జెట్ విమానం నేల విడవలేక రన్‌వే దాటి వెళ్ళి కాలిపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. నిలిపి ఉంచిన విమానం పలకలు గాలికి కొట్టుకోకుండా గడియ లాంటి ఒక లాక్ వేస్తారు. దాన్ని తీయడం మరిచిపోయారు. కంట్రోళ్ళను ఒక్కసారి కదిలించి చూసినా అది బయటపడేది. చూడలేదు. దర్యాప్తు అధికారులు విమానంలో నమోదైన వివరాలు తీసి పరిశీలించగా, అంతకు ముందటి 175 ప్రయాణాలలో 98 శాతం సార్లు ఆ పైలట్లు ఈ తనిఖీని పూర్తిగా చేయలేదని తేలింది. వారు కొత్తవారేమీ కారు, ఎంతో అనుభవం ఉన్నవారు. బహుశా ఆ అనుభవమే వారిని ఏమరిపాటుకు గురిచేసి ఉంటుంది.

ఆ ఇద్దరూ మరణించారు, వారి లెక్క అల్లాహ్ దగ్గర ఉంది. మన ప్రశ్న వేరు. ప్రమాదం జరిగిన రాత్రి తప్పు జరిగిందని అందరూ ఒప్పుకుంటారు. మరి క్షేమంగా దిగిన ఆ ముందటి ప్రయాణాల మాటేమిటి? ఎవరికీ గీత కూడా పడలేదు కాబట్టి ఆ రోజుల్లో తప్పేమీ లేనట్లేనా?

ధర్మవేత్తలు ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూశారు. నష్టపరిహారం నష్టం జరిగినప్పుడే వర్తిస్తుంది. అలా చూస్తే ఆ ముందటి రోజులకు పరిహారమేదీ లేదు. కానీ పాపం సంగతి అలా కాదు. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు రక్తపరిహారంతో పాటు ప్రాయశ్చిత్తం కూడా చెల్లించాలని, బానిసను విడుదల చేయలేనివాడు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలని అన్నిసా సూరాలో ఆదేశం ఉంది. చంపే ఉద్దేశమే లేనివానికి ప్రాయశ్చిత్తం ఎందుకు? మా మదర్సాలో హిదాయా చదివే రోజుల్లో ఈ ప్రశ్న దగ్గర మా ఉస్తాద్ చాలాసేపు ఆగేవారు. హత్యాపాపం అతని మీద లేదు, కానీ పడవలసినంత జాగ్రత్త పడలేదన్న పాపం ఉంది, ప్రాయశ్చిత్తం దానికి గుర్తు అని ఆ గ్రంథకర్త వివరణ. అంటే దోషం నిర్లక్ష్యంలోనే ఉంది. అలాంటప్పుడు ఏమీ జరగని రోజున అది ఎక్కడికి పోతుంది? అల్లాహ్ గడువిచ్చాడు, అంతే. గడువును మనం అనుమతి అనుకుంటాము.

తనిఖీ చేసినంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ లేదు. 2001 మార్చి 20న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఎయిర్‌బస్ ప్రయాణికులతో బయలుదేరింది. అంతకు ముందు జరిగిన మరమ్మతులో కెప్టెన్ వైపు కంట్రోల్ తీగలు తారుమారయ్యాయి. కుడికి తిప్పితే విమానం ఎడమకు వాలుతోంది. బయలుదేరే ముందు ఆ తేడా ఎవరి దృష్టికీ రాలేదు. గాలిలోకి లేచీ లేవగానే రెక్క కొస దాదాపు నేలను తాకబోయింది. సహపైలట్ తన వైపు కంట్రోల్‌తో విమానాన్ని అదుపులోకి తెచ్చాడు. అల్హందులిల్లాహ్, అందరూ బతికి బయటపడ్డారు.

ఇది చదివినప్పుడు మాకు విమానం కాదు, మస్జిదె నబవీలో నమాజు చేసిన ఒక మనిషి జ్ఞాపకం వచ్చాడు. అతను గబగబా నమాజు ముగించి వచ్చి సలాం చెప్పాడు. దైవప్రవక్త (స) సలాంకు జవాబిచ్చి, నీ నమాజు కాలేదు, వెళ్ళి మళ్ళీ చేయమన్నారు. మూడుసార్లు ఇలాగే జరిగింది. అతను నిలబడ్డాడు, వంగాడు, సజ్దా చేశాడు, కదలవలసినవన్నీ కదిలాయి. చివరికి అతను, ఇంతకన్నా బాగా తనకు రాదని, నేర్పమని వేడుకున్నాడు. అప్పుడు ఆయన (స) కోప్పడలేదు. రుకూలో నెమ్మది కుదిరే వరకు ఉండాలని, లేచాక నిటారుగా నిలబడాలని, సజ్దాలోనూ అలాగే నెమ్మదించాలని ఒక్కొక్కటిగా, మొదటి నుంచి నేర్పించారు.