ఏ భాషలో ఎత్తుకోవాలి?

పాప పుట్టాక మా ఇంట్లో మొదట మారింది చప్పుడు. భద్రాచలంలో మేముండేది అద్దె ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వసారా. ఇద్దరం ఉపాధ్యాయులం. సాయంత్రం బడి నుంచి వచ్చాక స్పీకర్ పెట్టుకుని సినిమా పాటలు వినేవాళ్లం. పెళ్లిళ్ల రోజుల్లో వీధిలో డీజే మోగితే కిటికీ తీసి మరీ వినేవాళ్లం. కాన్పు అయి ఇంటికొచ్చిన వారానికల్లా అదంతా పోయింది. కుక్కర్ విజిల్, తలుపు గడియ, పొద్దున్నే మైకు పెట్టుకుని వచ్చే కూరగాయల ఆటో, అన్నీ మాకు పగవాళ్లయ్యాయి. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టడం ఇంత వయసొచ్చాక నేర్చుకున్నాం. చీరతో కట్టిన ఊయల గది మధ్యకి వచ్చింది, మంచం గోడకి జరిగింది, పుస్తకాలు అటకెక్కాయి. అటక మీద అప్పటికే ఒక డోలు ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాం.

పాపని చూసుకోవడానికి శబరి ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది. వచ్చిన రాత్రే పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని పాట అందుకుంది, కోయలో. అది ఫలానా పాట అని చెప్పలేం. రేలా పాటల వరస ఒకటి ఆమె గొంతులో ఎప్పుడూ ఉంటుంది. దాని మీద ఆ రోజు జరిగిందంతా పేర్చుకుంటూ పోతుంది. ఏ కూర వండిందీ, ఎండ ఎట్లా కాసిందీ, ఇంటాయన సంపు మూత తీసి పెట్టి ఎట్లా మరిచిపోయిందీ, అల్లుడు ఎంత పొద్దుపోయి ఇంటికొచ్చిందీ, అన్నీ జోలపాటలోకి వచ్చేవి. అల్లుడు పక్క గదిలో కూర్చుని తన మీద పాట తను వినాల్సి వచ్చేది. పాప మాత్రం హాయిగా నిద్రపోయేది.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. అప్పుడు మేము ఒక పని చేశాం. అది తప్పో కాదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాం. "పాపతో తెలుగులోనే మాట్లాడు, పాటలు కూడా తెలుగులోనే పాడు" అని అమ్మమ్మకి చెప్పాం.

ఎందుకు చెప్పామో కూడా చెప్పాలి. మాలో ఒకరు ఒకటో తరగతిలో ఉండగా దాహమేసి పంతులుగారిని "ఏరు" అడిగారు. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. వీడు బడి ఎగ్గొట్టి వాగుకి పోతానంటున్నాడని ఆయన చెవి మెలిపెట్టారు. చెవి మెలిపెట్టడం చిన్న సంగతే. ఆ ఏడాదంతా ఆ పిల్లవాడు బడిలో నీళ్లు అడగలేదు, సాయంత్రం దాకా ఓర్చుకునేవాడు. అది చిన్న సంగతి కాదు. మాలో ఇంకొకరికి హాస్టల్లో యాసని బట్టి ఒక పేరు పెట్టారు. పదో తరగతి దాకా ఆ పేరే పిలుపు. ఇది చదివే మీలో చాలామందికి ఇలాంటి పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మన పాపకి ఇది వద్దనుకున్నాం. ఆ అనుకోవడంలో ప్రేమ తప్ప వేరే ఏమీ లేదని ఇప్పటికీ నమ్ముతున్నాం.

అమ్మమ్మ ఎదురు చెప్పలేదు. పాట ఆపేసింది, అంతే. నీళ్లు పోసేది, పొగ వేసేది, ఊయల ఊపేది, అన్నీ మాట లేకుండా. ఒకసారి జోజో అని మొదలుపెట్టి, తర్వాత ఏమనాలో తెలియక మా వంక చూసింది. పాప నిద్ర చెడింది. నాలుగో నెల వచ్చేసరికి మేము ఫోన్‌లో పిల్లల పాటలు పెట్టడం మొదలుపెట్టాం. ఇంగ్లీషులో రంగురంగుల బొమ్మలు గెంతుతుంటాయి, అవే. పాప ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసేది. నిద్ర మాత్రం పోయేది కాదు. పది పన్నెండు రోజులయ్యాక ఆగలేక అడిగాం, ఎందుకమ్మా ఏమీ మాట్లాడవు అని.

"నాకు తెలుగులో బిడ్డని ఎత్తుకోవడం రాదు" అంది. ఆ మాట కోయలోనే అంది.

ఆమెకి తెలుగు రాదని కాదు. ఆమెది సంతలో నేర్చుకున్న తెలుగు. ఇప్పపువ్వు కిలో ఎంతకి తీసుకుంటావు, తూకం సరిగా వెయ్యి, ఆసుపత్రిలో ఏ లైన్లో నిలబడాలి, ఈ కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి. ఆ భాషలో ఆమె ఎప్పుడూ అడిగే మనిషి, పక్కకి జరిగి నిలబడే మనిషి. కోయలో ఆమె వేరే మనిషి. ఊరి పంచాయితీలో మగవాళ్ల మాట మీద మాట వేస్తుంది. ఆకు చూసి దేనికి మందో చెప్తుంది. ఏ గట్టు వాళ్లకి ఏ గట్టు వాళ్లు వరసవుతారో తడుముకోకుండా చెప్తుంది. తిట్టినా అందంగా తిడుతుంది. తెలుగులో మాట్లాడమని చెప్పి మేము పాపకి ఇచ్చింది సంతలో నిలబడ్డ అమ్మమ్మని. అసలు అమ్మమ్మని గది మూల కూర్చోబెట్టాం.

ఇక్కడి నుంచే మాకు ప్రశ్న మొదలైంది. తల్లిదండ్రులు కావడమంటే ఒక మనిషి బతుకు గురించి ఆ మనిషిని అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం. పేరు అడక్కుండా పెడతాం. పోయిన ముత్తవ్వ పేరు ఒకటి, సర్టిఫికెట్ కోసం ఒకటి, రెండూ పెట్టాం, ఆమెని అడిగామా? టీకా వేయించేటప్పుడు గుక్కపట్టి ఏడ్చింది. అయినా వేయించాం, అందులో తప్పేమీ లేదు. భాష కూడా అలాంటి టీకాయే అనుకున్నాం, ఎగతాళి అనే రోగం రాకుండా. ఆ పోలిక చాలా రోజులు మాకు సరిగానే అనిపించింది.

తర్వాత మా పోలికలోనే లోపం కనబడింది. టీకా బిడ్డ ఒంట్లోంచి దేన్నీ తీసెయ్యదు. తెలుగు కూడా దేన్నీ తీసెయ్యదు. వీధి నిండా తెలుగే, మా ఇద్దరి నోట్లో సగం తెలుగే, అది పాపకి ఎట్లాగూ వస్తుంది. మేము అడిగింది కోయ ఆపమని. అదీకాక, రోగం ఎవరిది? నీళ్లడిగిన పిల్లవాడిదా, చెవి మెలిపెట్టిన చెయ్యిదా? ఇన్నేళ్ల తర్వాత మేము టీచర్లమై కూడా, నయం చెయ్యాల్సింది దాహమేసిన నోటినే అని లోలోపల ఒప్పుకున్నాం. ఆ పంతులుగారిని మా ఇంట్లోకి మేమే పిలిచి ఊయల పక్కన కుర్చీ వేశాం. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

కొందరంటారు, ఇప్పుడు తెలుగు రానివ్వండి, పెద్దయ్యాక కావాలంటే కోయ నేర్చుకుంటుంది అని. చెవి సంగతి అలా లేదు. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులు కూడా నిండని పసిబిడ్డలు వేరే ఆడమనిషి గొంతుకంటే తల్లి గొంతునే కోరుకుంటారని చూపించారు. అంటే వినడం కడుపులోనే మొదలవుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంకో సంగతి గమనించారు. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పిల్లలు ఆరు, ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట లాంటి శబ్దాల తేడా ఇట్టే పట్టుకుంటారు. ఏడాది నిండేసరికి చాలామందికి అది పోతుంది, ఎందుకంటే ఇంట్లో ఆ తేడా వినిపించదు. పెద్దయ్యాక కోయ నేర్చుకోలేరని దీని అర్థం కాదు, నేర్చుకుంటారు. కానీ అమ్మమ్మ కాళ్ల మీద పడుకుని నేర్చుకున్నది, పరీక్షకి చదివినట్టు నేర్చుకున్నది ఒకటి కావు. ఇచ్చినదాన్ని పాప రేపు వద్దనుకోవచ్చు. ఇవ్వనిదాన్ని వద్దనుకునే అవకాశం కూడా ఆమెకి ఉండదు. అడక్కుండా నిర్ణయించక తప్పనప్పుడు, రేపు ఆమె మార్చుకోగలిగే నిర్ణయమే కాస్త న్యాయమైనదని మాకు అనిపిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాటేసి పోలేం. మేము మనసు మార్చుకున్నామని తెలిశాక మా ఊరి కుర్రవాళ్లు కొందరు సంతోషించి, "మన భాషని బతికించాలి, పాపతో ఒక్క తెలుగు మాట కూడా మాట్లాడొద్దు" అన్నారు. వాళ్ల బాధ మాకు తెలుసు. 2011 జనగణనలో కోయ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 4 లక్షల 7 వేల పైచిలుకే. కోయలం మనం అంతకంటే చాలా ఎక్కువ మందిమి. మిగతావాళ్లు ఎక్కడ పోయారో లెక్క అక్కర్లేదు, మా గదిలాంటి గదుల్లోనే పోయారు. అయినా ఆ కుర్రవాళ్ల మాట మాకు పూర్తిగా రుచించలేదు. ఎనిమిది కిలోలు లేని బిడ్డ మీద నాలుగు లక్షల మంది భాషని మోపడం ఏం న్యాయం? మొదట మన భయం కోసం పాపని వాడుకోబోయాం, ఇప్పుడు మన గర్వం కోసం వాడుకుంటే తేడా ఏముంది? రేపు ఆమె హైదరాబాదులో ఉండి ఇంకో భాషలో కలగంటే అది ఆమె ఇష్టం. మేము కోయ మాట్లాడేది భాషని కాపాడటానికి కాదు. పాపకి పూర్తి అమ్మమ్మ దొరకాలని, అమ్మమ్మకి పూర్తి మనవరాలు దొరకాలని. భాష బతికితే ఆ దారిన బతుకుతుంది.

చట్టం మన వైపే ఉంది. ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం కూడా అంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు పెట్టి చదువు మొదలుపెట్టారు. ఆ పుస్తకాలు చేతపట్టి పాఠం చెప్పిన టీచర్లు ఇది చదువుతుంటే, ఆ పని విలువ మీకు మేము చెప్పక్కర్లేదు. కానీ చట్టం బడి గుమ్మం వరకే వస్తుంది. ఇంట్లో టీచర్లమైన మనమే పిల్లలతో తెలుగు, ఇంగ్లీషు మాట్లాడుతూ, బడిలో మాతృభాష గురించి ఉపన్యాసం చెప్తే పిల్లలు దేన్ని నమ్ముతారు? మన సంఘాల సమావేశాల్లో ఈ మాట ఎత్తితే అందరూ టీ తాగడానికి లేస్తారు. మేమూ లేచినవాళ్లమే.

ఇక డోలు సంగతి. అది పాప తాతయ్యది. భూమి పండుగకి, పెళ్లిళ్లకి ఆయన వాయించేవాడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి కూడా వెనక్కి తన్ని మా ఊళ్లోకి వచ్చింది. ఇల్లు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక బురదలోంచి డోలు దొరికింది, తోలు పాడైంది. అప్పటికి ఆయన లేడు. దాన్ని తెచ్చి ఇక్కడ అటకెక్కించాం. ఊరేమో పోలవరం ముంపు లెక్కల్లో ఉంది. ఇవాళ కాకపోతే రేపు కాలనీకి మారాలి. పాపకి "ఇదీ మీ ఊరు" అని చూపించడానికి అక్కడ నేల ఉంటుందో, నీళ్లుంటాయో మాకు తెలియదు. ఇది తలుచుకున్న రాత్రి అమ్మమ్మ పాట ఇంకో రకంగా వినిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతంటూ ఏమీ లేదు. అమ్మమ్మ కోయలో మాట్లాడుతుంది, పాడుతుంది. మేము కోయలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోతుంటాం. హాస్టల్లో పెరిగిన కోయ కదా, సగం మాటలు మాకే గుర్తు రావు, అమ్మమ్మని అడుగుతాం. ఆమె నవ్వి చెప్తుంది. ఫోన్‌లో బొమ్మల పాటలు పూర్తిగా మానలేదు, మానామంటే అబద్ధం. అన్నం తినిపించేటప్పుడు ఇంకా పెడుతూనే ఉన్నాం. ఇంటాయన భార్య వస్తే అమ్మమ్మ ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది. తగ్గించొద్దమ్మా అని చెప్తే మళ్లీ అది మన ఆజ్ఞే అవుతుందని ఊరుకుంటున్నాం. డోలు అటక దిగింది. తోలు వేయించాలి, మనిషి దొరకలేదు. తోలు లేని డోలు పక్కన పాప కూర్చుని చెక్కని అరచేత్తో కొడుతుంది. ఆ చప్పుడుకి మేము తలుపు వెయ్యడం మానేశాం.

పాపకి పద్నాలుగు నెలలు. మొన్న గిన్నె చూపించి మొదటిసారి "ఏరు" అంది. రెండేళ్లు పోతే అంగన్‌వాడీకి వెళ్తుంది. వెళ్లే ముందు మాలో ఒకరం టీచరమ్మని కలిసి, పాప ఏరు అంటే దాహమేసిందని అర్థం అని చెప్పి రావాలి.