లెక్కకు రాని రోగి

రోగాల లెక్క వైద్యుల పని గదా, తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి దానితో ఏమి నిమిత్తమని పాఠకులు అడగవచ్చు. లెక్కలో ఎవరు చేరాలన్న ప్రశ్న వైద్యశాస్త్రానికే కాదు, నీతికి కూడా సంబంధించినది. అందుకే ఈ నాలుగు మాటలు.

2024 జూన్‌లో ఉమ్మడి కృష్ణాజిల్లా మెట్టప్రాంతమైన జగ్గయ్యపేటలోను, చుట్టుపట్ల పల్లెల్లోను అతిసారం వ్యాపించింది. ఆ వైపు నుంచి నందిగామలో మా తరగతికి వచ్చే విద్యార్థి ఒకడు నాలుగు రోజులు రాలేదు. హాజరుపట్టీలో ఆబ్సెంటు వేశాను. అయిదోనాడు వచ్చి, "అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయండి మాస్టారూ. ఊళ్లోనే ఆర్‌.ఎం.పి. దగ్గర సెలైన్‌ ఎక్కించాం" అన్నాడు. ఆమె ఆస్పత్రి గడప తొక్కలేదు; కనుక రోగుల పట్టికకు ఎక్కలేదు. ఆమె పోగొట్టుకున్న కూలి, చేసిన అప్పు, కొడుకు పోగొట్టుకున్న పాఠాలు ఏ లెక్కలోనూ లేవు. ఆ నాలుగు రోజులకు మిగిలిన రాతపూర్వక సాక్ష్యం నేను వేసిన ఆబ్సెంట్లే. అదీ తప్పుడు సాక్ష్యమే: తల్లి రోగం కొడుకు నిర్లక్ష్యంగా నమోదయింది.

ఆస్పత్రికి రానివారిలో రాలేనివారు ఉంటారు; ఒక పూట కూలి పోతే పొయ్యి వెలగనివారు ఉంటారు. కాబట్టి లెక్కలో పడే ఈ లోటు యాదృచ్ఛికం కాదు. దానికి వర్గస్వభావం ఉంది.

మరణాలనే గాక, రోగం హరించిన ఆరోగ్య జీవితాన్ని సంవత్సరాలలో కొలిచే పద్ధతిని ప్రపంచ బ్యాంకు 1993 నివేదిక ప్రచారంలోకి తెచ్చింది. అందులో పాతికేళ్ల మనిషి బతికే ఏడాదికి పసిబిడ్డ ఏడాది కంటె, వృద్ధుని ఏడాది కంటె ఎక్కువ విలువ కట్టారు. అతిసారానికి తేలికగా బలయ్యేది ఆ ఇద్దరే గదా! విమర్శల పిమ్మట 2010 సంవత్సరపు అంచనాలలో ఆ తూకాన్ని తొలగించారు. అంకెల వెనుక మనుషుల తీర్పులున్నాయనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

లెక్కలు పాలకుల ఆయుధాలు, మనకెందుకని కొందరు మిత్రులంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని సగం నిజమే. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు డాక్టర్‌ జాన్‌ స్నో రెండు నీటి కంపెనీల ఖాతాదారుల ఇళ్లలో చావులను పోల్చిచూశాడు. నగరపు మురుగు కలిసిన థేమ్స్‌ నీటిని సరఫరా చేసే కంపెనీ ఇళ్లలో 10,000 ఇళ్లకు 315 మరణాలు. నదికి ఎగువ నుంచి నీరు తెచ్చే కంపెనీ ఇళ్లలో 37. రోగులను లెక్కపెట్టి ఊరుకోక, నీరు అమ్మినవాణ్ణి కూడా ఆయన లెక్కలోకి లాగాడు.

మనకు కావలసిన లెక్క అది. ఎందరు పడ్డారన్నదానితోపాటు ఏ కుళాయి నీరు తాగారు, ఎన్ని రోజుల కూలి పోయింది, పగిలిన గొట్టాన్ని ఎవరు వదిలేశారు అని వీధివీధికీ తిరిగి అడగాలి. సెలవుల్లో విద్యార్థులు, అధ్యాపకులు చేయగల పనే ఇది. నేను ఇప్పుడు హాజరుపట్టీలో ఆబ్సెంటు పక్కన కారణం కూడా రాస్తున్నాను.