ఎవరి మాట ఆప్తవాక్యం?

జనవరి నెలలో కోనసీమ వచ్చి 'తాజా గోదావరి పులస' తిన్నామని, జన్మ ధన్యమైందని ఒకాయన ఇంటర్నెట్‌లో రాశాడు. ఆ హోటల్‌కి ఐదు స్టార్లూ ఇచ్చేశాడు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రంలోంచి ఎదురీదుకుంటూ పైకొచ్చే చేప అది. వరదల కాలం దాటితే తాజాది దొరకదు. రాజోలు వైపు చేపలమ్మే ఏ ఆడమనిషినడిగినా ఈ సంగతి చెబుతుంది. అంటే ఆయన వేరే చేపని పులసనుకుని తినైనా ఉండాలి, ఐసులో దాచిన దాన్ని తాజాదని నమ్మైనా ఉండాలి, లేదా అసలు కోనసీమకే రాకుండా ఎవరో డబ్బిస్తే రాసైనా ఉండాలి. ఈ మూడింటిలో ఏది నిజమో ఆ నాలుగు వాక్యాలు చూసి చెప్పలేం. మోసపోయినవాడూ మోసం చేసినవాడూ ఒకే భాష మాట్లాడతారు.

ఆ మాటకొస్తే 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెత కూడా మెప్పుకోలు రివ్యూనే. దాన్ని కట్టినవాడి మెడలో పుస్తెలు లేవన్న సంగతి మాత్రం మనం గమనించం. రుచి ఒకరిది, ఖర్చు ఇంకొకరిది. రివ్యూల గురించి నాకున్న అనుమానమంతా దాదాపు ఇక్కడే మొదలైంది.

దొంగ రివ్యూల సంగతి ముందు ముగించేస్తాను, ఎందుకంటే అది తేలిక సమస్య. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే ఆయన తన పెరట్లో ఉన్న షెడ్డుని రెస్టారెంటుగా ట్రిప్‌అడ్వైజర్‌లో నమోదు చేసి, స్నేహితుల చేత రివ్యూలు రాయించి, ఆ నగరంలోకెల్లా మొదటి స్థానానికి తెచ్చాడు. అక్కడ వంటే లేదు. మన దేశంలో 2022 నవంబరులో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఆన్‌లైన్ రివ్యూలకి ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. రివ్యూ రాసేవాళ్లు అసలు మనుషులేనా, డబ్బు తీసుకుని రాశారా అన్నవి సేకరించే సంస్థలు చూసుకోవాలంటుంది అది. అయితే మొదట స్వచ్ఛందంగా పాటించేదిగానే వచ్చింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ రివ్యూలని నిషేధిస్తూ నిబంధన చేసింది. మంచిదే. దొంగ రివ్యూలన్నీ రేపు ఉదయానికి మాయమైపోయాయనుకుందాం. అప్పుడు మిగిలేవన్నీ నిజాయితీగా రాసినవే. వాటిని నేను నమ్మొచ్చా? నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

గౌతముడి న్యాయసూత్రాలు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెబుతాయి: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. నాలుగోది ఆప్తుడి మాట. ఆప్తుడంటే చుట్టమో స్నేహితుడో కాదు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరికున్న మనిషి అని భాష్యకారుడు వాత్స్యాయనుడి వివరణ. పైగా ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనంటాడు. ఎంత ఉదారం! ఆ వరసలో ఆడమనిషి ప్రస్తావన విడిగా లేదు గానీ, నిర్వచనం మాత్రం ఆమెకి తలుపు మూసేసేలా లేదు. నాకు నచ్చింది 'స్వయంగా ఎరిగిన' అన్న షరతు. నిజాయితీ ఒక్కటీ చాలదు. మాట్లాడే మనిషి ఆ విషయం తన ఒంటిమీదికి వస్తే ఎలా ఉంటుందో ఎరిగుండాలి.

ఆ మధ్య నా పరిశోధన పనిమీద అమలాపురం ప్రాంతానికెళ్లినప్పుడు గోదావరి పాయ ఒడ్డున ఒకచోట రెండు రాత్రులున్నాను. పేరెందుకులెండి. వెళ్లేముందు ఓపిగ్గా రివ్యూలన్నీ చదివాను. కొబ్బరిచెట్లు, సూర్యోదయం, పనసపొట్టు కూర. 'సేఫ్ ఫర్ ఫ్యామిలీస్' అన్న మాట ప్రతి రెండోదాంట్లోనూ ఉంది. కౌంటరు దగ్గర అడిగిన మొదటి ప్రశ్న, "సారుగారు వెనకాల వస్తున్నారాండి?" సారుగారెవరూ లేరని చెప్పాక ఆ గొంతులో మర్యాద తగ్గలేదు, ఆరా పెరిగింది. గది తలుపు గడియ సగం వరకే పడుతుంది. రాత్రి పదకొండింటికి ఎవరో తలుపు తట్టి మంచినీళ్ల సీసా కావాలా అని అడిగారు. ఏమీ జరగలేదు. కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డం పెట్టుకుని, నిద్రపోకుండా తెల్లవార్చాను.

ఆ రివ్యూలు రాసినవాళ్లు అబద్ధమాడారని నేననుకోను. మొగుడూ పిల్లలతో వచ్చిన మనిషికి గడియ పడిందో లేదో చూసుకునే పని పడదు. పక్కన మగవాడున్న స్త్రీ తలుపుని పదకొండింటికి ఎవరూ తట్టరు. వాళ్లకి తెలిసింది తెలిసినట్టే రాశారు. కానీ నాకు కావలసింది వాళ్లు ఎరగరు. 'ఫ్యామిలీస్‌కి భద్రం' అంటే ఫ్యామిలీ కాని ఆడదానికి ఏమిటో ఆ వాక్యం చెప్పదు. ఒక్కోసారి రెండోది దాచిపెట్టడమే దాని పని. చాలా లాడ్జీల్లో ఒంటరి స్త్రీకి గది ఇవ్వకపోవడాన్నే ఆ మాటతో సమర్థిస్తారు కదా!

ఇలాగే ఇంకో మాట ఉంది: 'ఇంట్లో మనిషిలా చూసుకున్నారు.' ఏ మనిషిని? కోనసీమలో "ఎవరమ్మాయివమ్మా?" అన్న ప్రశ్న తాతగారి పేరు తెలుసుకోవడానికి కాదని అక్కడ పెరిగినవాళ్లందరికీ తెలుసు. మా అమ్మమ్మగారిది కొత్తపేట వైపు. ఆ ప్రశ్నకి నేను చెప్పే జవాబుని బట్టే నాకు ఏ వాకిట్లో కుర్చీ వేస్తారో తేలుతుంది. అదే ప్రశ్నకి నా దళిత స్నేహితురాలు జవాబు చెబితే వచ్చే నిశ్శబ్దానికి స్టార్లెన్ని ఇవ్వాలి? 'ప్రశాంతమైన పల్లె వాతావరణం, అమాయకులైన జనం' అని రాస్తారు యాత్రికులు. కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. ఆ తరవాత కొన్నాళ్లు కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ రోజుల్లో ఎవరూ ఏ రివ్యూ రాసి ఉండరు. అది తెరుచుకున్నాక కొబ్బరిచెట్లు మళ్లీ మామూలుగానే ఐదు స్టార్లతో ఊగాయి.

అయితే అనుభవించినవాళ్లే రాస్తే సరిపోతుందా? రాయడం ఒక ఎత్తు, దాన్ని ఉండనివ్వడం ఇంకో ఎత్తు. మెక్సికోలో ఒక రిసార్ట్‌లో కాపలావాడి చేతిలో అత్యాచారానికి గురైన ఒక అమెరికన్ స్త్రీ, తన తరవాత వచ్చే వాళ్లని హెచ్చరిద్దామని 2010లో ట్రిప్‌అడ్వైజర్‌లో రాసింది. 'కుటుంబాలు చదివే చోట' ఉండదగిన భాష కాదని దాన్ని తొలగించారు. ఏడేళ్ల తరవాత 2017లో మిల్వాకీ జర్నల్ సెంటినెల్ అనే పత్రిక బయటపెడితే గానీ సంస్థ క్షమాపణ చెప్పి దాన్ని తిరిగి పెట్టలేదు. ఈ ఏడేళ్లలో అదే పుటమీద సముద్రం ఎంత నీలంగా ఉందో ఎందరు రాసి ఉంటారో! వాళ్లంతా నిజమే రాశారు. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో దీనికో పేరు పెట్టింది. మాట్లాడే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆమె మాటకి విలువ తగ్గించడం ఆమె జ్ఞానానికే చేసే అన్యాయమని ఆమె వాదన. ఇక్కడ జరిగింది మరో అడుగు ముందుకెళ్లింది. ఆమె మాటని ఎవరూ అనుమానించనక్కర్లేకపోయింది, మర్యాదగా లేదనేస్తే సరిపోయింది. మన ఇళ్లల్లో వాడే సాధనం కూడా అదే. "అలాంటివి పదిమందిలో చెప్పుకుంటారా?" అంటారు గానీ "అబద్ధం" అనరు.

ఇంకా మాట్లాడలేనివాళ్లున్నారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయి నలభై మందికి పైగా చనిపోయారు. అంతకుముందు ఏ పడవమీద తిరిగొచ్చినవాళ్లయినా భోజనం, పాటలు, కొండల అందం గురించే చెప్పి ఉంటారు. క్షేమంగా తిరిగిరావడమే రివ్యూ రాయడానికి అర్హత. ప్రమాదం గురించి చెప్పగలిగేవాళ్లు జాబితాలోనే ఉండరు. స్టార్ల సగటు ఎంత పెద్ద సంఖ్యలోంచి వచ్చినా ఈ లోటు తీరదు.

గైడ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సముద్రమూ నదీ కలిసేచోటు చూపించేవాళ్లు రక్తవిలోచనుడి కథ, గుర్రాలక్క కథ రక్తి కట్టించి చెబుతారు. 'చరిత్రంతా తెలిసిన మనిషి' అని పొగుడుతూ రాస్తారు. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి అరవై ఐదు రోజులు మంటలు ఆరలేదని, 2014 జూన్‌లో నగరంలో గ్యాస్ పైపులైను పేలి మనుషులు ఇళ్లల్లోనే కాలిపోయారని చెప్పే గైడు నాకింకా తగల్లేదు. చెబితే అతనికి ఐదు స్టార్లు వస్తాయా? సెలవులకొచ్చినవాళ్లకి ఏం వినాలనుందో అతనికి బాగా తెలుసు. మెప్పు సంపాదించే మాట, నిజమైన మాట వేరువేరు వృత్తులు.

మళ్లీ ఆ బసకొస్తాను. బయల్దేరేటప్పుడు సామాను మోసిన కుర్రాడు ఫోను నా ముందు పెట్టాడు. "ఓ ఐదు స్టార్లు కొట్టండి మేడంగారండి. నా పేరు కూడా రాయండి. నెలకిన్ని రావాలన్నారండి మా ఓనరుగారు." వంటమనిషి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. రివ్యూలన్నిట్లో ఉన్న పనసపొట్టు కూర ఆవిడ చేతిదే. రివ్యూల్లో ఆవిడ 'ఆంటీ'. పేరు లేదు. 'ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు' అని మాత్రం ఉంది. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే స్త్రీల గురించి రాస్తూ, నవ్వు కూడా జీతంలో భాగమైన శ్రమేనని చూపించింది. ఇప్పుడా శ్రమకి మేస్త్రీ పని నా చేతికొచ్చింది. నా వేలు ఒక స్టారు తగ్గిస్తే ఆ దెబ్బ గడియ బాగుచేయించని యజమానికి తగలకముందే ఈ ఇద్దరికీ తగులుతుంది. నిజం చెప్పడం ఎంత ఖరీదైన పనో, ఆ ఖరీదు ఎవరు కడతారో అక్కడ నిలబడి ఆలోచించక తప్పలేదు.

మౌనంగా వచ్చేయొచ్చు. కానీ తరవాత వచ్చే ఒంటరి స్త్రీకి నేనొక్కదాన్నే ఆప్తురాల్ని. అందుకే ఇంటికెళ్లాక రాశాను. మూడు స్టార్లు. గడియ సగమే పడుతుందని, రాత్రి పదకొండింటికి తలుపు తట్టారని, ఒంటరిగా వచ్చిన స్త్రీని ఏమడిగారో, ఎలా అడిగారో రాశాను. వంట చేసే ఆవిడకి జీతం పెంచదగ్గ చెయ్యి అని రాశాను. కుర్రాడి పేరు రాయలేదు. మర్నాడు పొద్దున్నే యజమానిగారి ఫోను. "గడియదేముందమ్మా, బాగుచేయించేస్తాం, ఆ మాట తీసేయండి. మీలాంటి చదువుకున్నవాళ్లు ఇలా రాయొచ్చా?" బాగుచేయించాక ఆ సంగతి కూడా కింద రాస్తానన్నాను. ఫోను పెట్టేశారు.

కోనసీమ ఆతిథ్యం మీద వచ్చిన అతి పెద్ద రివ్యూ ఏదని అడిగితే డొక్కా సీతమ్మగారి పేరు చెబుతాను. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ, లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొస్తే వెళ్లలేదని, ఆమె ఫోటో తీయించుకెళ్లి అక్కడ కుర్చీలో పెట్టారని చెప్పుకుంటారు. ఇవాళ గన్నవరం అక్విడక్టుకి ఆమె పేరే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరు పెట్టింది. ఇవన్నీ తిన్నవాళ్ల నోటివెంట పుట్టిన కీర్తి. ఆ మెప్పులో ఒక్క మాట కూడా తగ్గించాలని నాకు లేదు. కానీ అర్ధరాత్రి పొయ్యి రాజేసేటప్పుడు ఆమెకెలా ఉండేదో, పక్కన పిండి రుబ్బినవాళ్లెవరో, ఆ పంక్తిలో ఎవరు కూర్చునేవాళ్లో, ఎవరు అరుగు కిందే ఆగేవాళ్లో తెలుసుకోవాలని ఉంది. తిన్నవాళ్లు చెప్పారు. వండినామె ఏమనుకుందో నేను వెతికిన కాగితాల్లో ఎక్కడా కనబడలేదు. 'అపర అన్నపూర్ణ' అన్నాక ఇంక ప్రశ్నలుండవు. దేవతకి అలసటేమిటి?

మాలాంటి పరిశోధకులకి ఒక వాట్సప్ గుంపుంది. ఏ ఊళ్లో ఏ బసలో దిగొచ్చు, ఏ గైడు చెయ్యి ఎక్కడెక్కడికి వెళుతుంది, ఏ సెమినారుకి ఎవరితో కలిసి కారెక్కకూడదు, అన్నీ అందులో ఉంటాయి. స్టార్లుండవు. చెప్పినామె ఎవరో, ఏ పరిస్థితిలో అక్కడుందో తెలుసు కాబట్టి నమ్ముతాం. బయటి రివ్యూల కన్నా వెయ్యిరెట్లు నయం. అయినా అందులోకి రావాలంటే ఒక డిగ్రీ కావాలి, ఒక ఉద్యోగం కావాలి, మమ్మల్ని ఎరిగిన ఇంకో స్త్రీ కావాలి. ఎవరికి తెలియకపోతే ప్రాణం మీదికొస్తుందో వాళ్లు ఆ గుంపులో లేరు.

ఆ ప్రయాణంలోనే రాజోలు నుంచి అమలాపురం వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నామె, కూతురి కాన్పుకి పట్నం పెద్దాసుపత్రికి వెళ్లొస్తోంది. వారం రోజులుందట. ఎక్కడున్నారని అడిగాను. "వరండాలోనండీ. ఆడమనిషికి మెట్ల దగ్గర మంచిది కాదు. ఆపరేషన్ గది పక్క గోడవార పడుకోవాలి, అక్కడ లైటు తెల్లార్లూ వెలుగుతాది, నర్సమ్మలు తిరుగుతా ఉంటారు. చెంబు మాత్రం తలకింద పెట్టుకోండి, పోద్ది" అంది. నేనెప్పుడో అక్కడికి వెళ్లాల్సొస్తుందన్నట్టే, దిగేలోపు మళ్లీ ఒకసారి గోడ ఏ వైపో చేత్తో చూపించి చెప్పింది.